పెరుగు కబురు పేగుకి ఎలా చేరుతుంది?

ఎన్ని రకాలు వండి వడ్డించినా ఆఖరున నాలుగు ముద్దలు పెరుగన్నం పడకపోతే మనకి భోజనం చేసినట్టే ఉండదు. ఎండన పడి వచ్చినవాళ్ళకి మజ్జిగ, కడుపు చెడిన పిల్లలకి పెరుగన్నం, రైలు ప్రయాణమంటే పెరుగన్నం డబ్బా. 'పెరుగు కడుపుకి చలవ' అని మన అమ్మమ్మలు ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ మాటలో నిజం ఉంది. ఎంతవరకు నిజమో తెలియకపోతే మాత్రం ఆ చలవే కొంప ముంచుతుంది. మా ఇంట్లోనే జరిగింది కాబట్టి చెబుతున్నాను.

మా అక్క కూతురికి ఇరవై మూడేళ్ళు. రెండేళ్ళ కిందట పెద్దపేగులో పూత వచ్చింది. అల్సరేటివ్ కొలైటిస్ అన్నారు డాక్టర్లు. మన ఒంట్లోని రోగనిరోధక శక్తి దారి తప్పి సొంత పేగు గోడనే శత్రువనుకుని దాడి చేయడం వల్ల వచ్చే జబ్బు ఇది. రక్తం, జిగట పడుతూ విరేచనాలవుతాయి. మెసలమిన్ మాత్రలతో ఆరు నెలల్లో నెమ్మదించింది. పిల్ల మళ్ళీ ఒళ్ళు చేసింది, నవ్వుతూ తిరుగుతోంది. ఇంతలో ఒక పెళ్ళిలో ఎవరో పెద్దావిడ, "ఈ వయసులో రోజుకి నాలుగేసి మాత్రలేమిటే? పెరుగులో లేని మందా? మంచి బాక్టీరియా పొట్లాలు కూడా అమ్ముతున్నారుగా, అవి వేసుకో, చాలు" అందట. ఇది ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేసి, పూటకో గిన్నెడు పెరుగు తింటూ, వందలు పోసి ఆ పొట్లాలు కొనుక్కుని వేసుకుంది. రెండు నెలలు బాగానే ఉంది. మూడో నెలలో రోజుకి పదిసార్లు రక్త విరేచనాలు. వారం రోజులు ఆసుపత్రిలో ఉంచి, స్టిరాయిడ్ ఇంజక్షన్లిచ్చి, రక్తం ఎక్కించి నిలబెట్టారు.

అక్కకి బి.పి. ఉంది కదా అని ఆసుపత్రిలో పక్కన కూర్చున్నది నేనే. చూడటానికి వచ్చిన డాక్టరు గారిని ఉండబట్టలేక అడిగాను, "అయితే ఏమండీ, పెరుగు, మంచి బాక్టీరియా అన్నీ ఒట్టి మాటలేనా?" అని. ఆయన నవ్వారు. "ఒట్టి మాటలు కావమ్మా. అలాగని మీ పిల్ల అనుకున్నంతా కాదు" అంటూ మందుల చీటీ వెనక ఒక బొమ్మ గీశారు. పేగు గోడ, దానిమీద జిగురు, జిగురు పైన బాక్టీరియా, ఆ బాక్టీరియా నుంచి ఊడిపడుతున్న బుల్లి బుడగలు. "ఇప్పుడు శాస్త్రజ్ఞుల కళ్ళన్నీ వీటిమీదే ఉన్నాయి" అన్నారు. ఇంటర్‌లో బైపీసీ చదివాను గానీ ఆ రోజుల్లో ఈ బుడగల సంగతి మాకెవరూ చెప్పలేదు. ఆ చీటీ జాగ్రత్తగా దాచుకుని, తెలిసినవాళ్ళని అడిగి, చదివించుకుని తెలుసుకున్న సంగతులివి.

గోడకి ఒకటే వరస

మన పేగు లోపలి గోడ ఎంత మందం ఉంటుందనుకుంటున్నారు? ఆహారానికి ఎదురుగా ఉండేది ఒకే ఒక్క వరస కణాలు. మనం తిన్నదంతా, దాంతోపాటు కోట్లకి కోట్లు సూక్ష్మజీవులు అటుపక్క. మన రక్తం ఇటుపక్క. నడుమ అడ్డంగా ఆ ఒక్క వరసే. ఆ కణాలు కూడా నాలుగైదు రోజులకోసారి రాలిపోతూ, కొత్తవి పుడుతూ ఉంటాయి. అంత పల్చటి గోడ కాబట్టే దాని వెనకే మన ఒంటి కాపలాదళంలో పెద్ద భాగం మకాం వేసుకుని ఉంటుంది.

పెద్దపేగులో ఈ గోడ మీద జిగురు రెండు పొరలుగా ఉంటుంది. పై పొర వదులుగా ఉంటుంది, బాక్టీరియా అందులో కాపురం చేస్తాయి. లోపలి పొర చిక్కన. ఒంట్లో అన్నీ సవ్యంగా ఉన్నంతకాలం బాక్టీరియా దాన్ని దాటి కణాల దగ్గరికి రావు. ఇక్కడే నాకో సందేహం వచ్చింది, మీకూ వచ్చే ఉంటుంది. మంచి బాక్టీరియా గోడని తాకనే తాకకపోతే గోడకి మేలు ఎలా చేస్తున్నట్టు?

ఇంట్లో పెళ్ళయితే ఊరందరి గడపా మనమే తొక్కగలమా? శుభలేఖలు పంపుతాం. బాక్టీరియా చేసేదీ అలాంటి పనే.

బుల్లి తిత్తులు

బాక్టీరియా తన ఒంటి మీది పొరనే కొద్దికొద్దిగా ఉబ్బించి, చిన్న చిన్న తిత్తులుగా విడిచిపెడుతూ ఉంటుంది. సబ్బు నీళ్ళలోంచి బుడగలు లేచినట్టన్నమాట. వీటిని వెసికిల్స్ అంటారు. బాక్టీరియాయే కంటికి కనపడదు, ఈ తిత్తులు దానిలో పదో వంతో, ఇరయ్యో వంతో ఉంటాయి. మీ తల వెంట్రుక ఒకటి తీసుకుని, దాని మందానికి అడ్డంగా ఈ తిత్తులు పేర్చుకుంటూ వస్తే ఏడెనిమిది వందలు పడతాయి! అంత చిన్నవి కనకనే జిగురులోంచి జారుకుంటూ గోడ దాకా వెళ్ళగలుగుతాయి. ఒక్కో తిత్తిలో కొన్ని ప్రొటీన్లు, కొన్ని కొవ్వు పదార్థాలు, బాక్టీరియా గోడ తాలూకు ముక్కలు, జన్యు పదార్థపు తునకలు సర్ది ఉంటాయి.

వీటిని తొలిరోజుల్లో చూసినవాళ్ళలో మనవాళ్ళున్నారు. 1967లో కలకత్తాలో ఛటర్జీ, దాస్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కలరా క్రిమిని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి, అది తన పై పొరని బుడగలుగా బయటికి తోస్తోందని రాశారు. ఆ కలరా క్రిమి తన విషాన్ని కూడా ఈ తిత్తుల్లో పెట్టి పేగు కణాలకి చేరవేస్తుందని తర్వాత బయటపడింది. అంటే తిత్తి దానంతటది మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. ఉత్తరం లాంటిది. అందులో తియ్యటి కబురుందా, తిట్లున్నాయా అన్నది రాసినవాళ్ళని బట్టి ఉంటుంది.

పెరుగులో ఉండే జాతి బాక్టీరియాకి గోడ మరీ మందం. అంత మందపు గోడలోంచి తిత్తులు ఎలా వస్తాయి, రానే రావు అని చాలాకాలం అనుకున్నారు. 2009లో దక్షిణ కొరియావాళ్ళు, చీము గడ్డలు పుట్టించే మందపు గోడ బాక్టీరియా ఒకటి నిక్షేపంగా తిత్తులు విడుస్తోందని చూపించారు. అక్కడినుంచి లాక్టోబాసిల్లస్ లాంటి పాల బాక్టీరియా మీదకి అందరి దృష్టీ మళ్ళింది.

ఒక సిపాయి పుణ్యమా అని

ఈ తిత్తుల మీద బాగా పరిశోధన జరిగిన మంచి బాక్టీరియా ఒకటుంది. దాని పుట్టుక చెప్పుకోవాల్సిందే. మొదటి ప్రపంచ యుద్ధం రోజులు, 1917వ సంవత్సరం. యుద్ధభూమిలో తుపాకీ గుళ్ళకి తోడు జిగట విరేచనాలు సిపాయిల్ని పట్టి పీడిస్తున్నాయి. తోటివాళ్ళందరూ మంచాన పడుతుంటే ఒక సిపాయి మాత్రం చెక్కుచెదరకుండా ఉన్నాడు. జర్మనీలో ఫ్రైబుర్గ్ అనే ఊళ్ళో ఆల్‌ఫ్రెడ్ నిస్ల్ అనే డాక్టరు గారికి అనుమానం వచ్చింది, వీడి పేగులో ఏదో ఉంది అని. ఆ సిపాయి మలం తీసుకుని, ముఖం చిట్లించకండి, అందులోంచి ఇ.కొలై రకం బాక్టీరియా ఒకదాన్ని వేరు చేశారు. ఇ.కొలై అంటే కలుషితమైన నీళ్ళలో ఉండే చెడ్డ క్రిమి అని మనకి తెలుసు. అదే జాతిలో పుట్టిన సాధువు ఇది. తప్పుడు క్రిముల్ని ఎదగనివ్వదు. నిస్ల్ గారు దాన్ని గొట్టాల్లో నింపి మందుగా ఇవ్వడం మొదలుపెట్టారు. యాంటీబయాటిక్స్ ఇంకా రాని కాలం అది. దాని పేరు ఇ.కొలై నిస్ల్ 1917గా నిలిచిపోయింది.

ఇప్పుడు మా పిల్ల జబ్బు దగ్గరికి వద్దాం. 2004లో ఒక పెద్ద పరిశోధన ఫలితం వచ్చింది. అల్సరేటివ్ కొలైటిస్ వచ్చి నెమ్మదించిన 327 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకి మెసలమిన్, ఇంకో జట్టుకి నిస్ల్ బాక్టీరియా ఏడాదిపాటు ఇచ్చారు. చెప్పినట్టుగా చివరిదాకా వాడినవాళ్ళని లెక్కేస్తే జబ్బు తిరగబెట్టినవాళ్ళు మెసలమిన్ జట్టులో నూటికి 34 మంది, నిస్ల్ జట్టులో నూటికి 36 మంది. దాదాపు సమానమే!

ఇది వినగానే 'ఆ పెళ్ళిలో పెద్దావిడ చెప్పింది నిజమే కదా' అనిపిస్తుంది. చెప్పొద్దూ, నాకూ ఒక్క క్షణం అనిపించింది. కానీ ఆ నిస్ల్ రకం మన పెరుగులో ఉండదు. పాలు తోడుకోవడానికి దానికీ సంబంధమే లేదు. పిల్ల కొన్న పొట్లాల అట్ట తిప్పి చూశాను, వాటిలోనూ లేదు. 'మంచి బాక్టీరియా' అన్న ఒక్క పేరు చూసి అన్నీ ఒకటే అనుకోవడం దగ్గరే మనం దెబ్బ తింటున్నాం. బియ్యం, బార్లీ రెండూ గింజలే కదా అని బార్లీతో పులిహోర కలుపుతామా?

తిత్తి తెచ్చిన కబురు కణం ఎలా వింటుంది?

నిస్ల్ తిత్తుల మీద స్పెయిన్ దేశంలో బార్సిలోనా విశ్వవిద్యాలయంవాళ్ళు ఏళ్ళ తరబడి పనిచేశారు. వాళ్ళ పద్ధతి వింటే మన వంటింటి పనిలాగే ఉంటుంది. బాక్టీరియాని పులుసులాంటి ద్రవంలో పెంచుతారు. దాన్ని బాక్టీరియా కూడా పట్టనంత సన్నని జల్లెడలోంచి వడకడతారు. బాక్టీరియా పైన మిగిలిపోతాయి, తిత్తులు కిందకి దిగుతాయి. ఆ తేటని యంత్రంలో పెట్టి గిర్రున తిప్పితే, చల్ల చిలికినప్పుడు వెన్న వేరుపడ్డట్టు తిత్తులు వేరుపడతాయి. కాకపోతే వెన్న పైకి తేలుతుంది, ఇవి అడుక్కి దిగుతాయి. ఇప్పుడు చేతిలో ఉన్నది తిత్తులు మాత్రమే. బతికున్న బాక్టీరియా ఒక్కటి కూడా లేదు.

వీటిని గాజు పాత్రల్లో పెంచిన పేగు కణాల మీద వేస్తారు. ఇలాంటి పరిశోధనల్లో ఎక్కువగా వాడే కణాలకి కాకో-టూ అని పేరు. డెబ్బై రెండేళ్ళ ముసలాయన పెద్దపేగు క్యాన్సర్ గడ్డలోంచి తీసి, 1970ల్లో అమెరికాలో పెంచడం మొదలుపెట్టిన కణాలవి. ఆయనెవరోగానీ ఆయన కణాలు ఇప్పటికీ ప్రపంచమంతా బతికే ఉన్నాయి. పాత్ర నిండా పెరిగాక మూడు వారాలు అలాగే ఉంచితే అచ్చం చిన్నపేగు లోపలి వరసలాగా సర్దుకుని కూర్చుంటాయి.

తిత్తులు వేశాక కణంలో ఏ జన్యువులు మేలుకున్నాయో, ఏవి నిద్రపోయాయో చూస్తారు. కరోనా రోజుల్లో ముక్కులో పుల్ల పెట్టి చేసిన ఆర్టీపీసీఆర్ పరీక్ష గుర్తుందా? ఆ పద్ధతినే ఇక్కడా వాడతారు.

జన్యువులు మేలుకోవడమేమిటి అంటారేమో. మన ఒంట్లో ప్రతి కణంలోనూ సుమారు ఇరవై వేల వంటలున్న ఒకే పుస్తకం ఉందనుకోండి. కంటి కణంలోనూ అదే పుస్తకం, పేగు కణంలోనూ అదే పుస్తకం. ఏ వంట ఏ పూట వండాలన్నదే తేడా. జన్యువు మేలుకుంది అంటే ఆ పేజీ తెరిచి పొయ్యి మీద ఎసరు పెట్టారన్నమాట. తిత్తులు వచ్చి మన పుస్తకంలో కొత్త వంటలేవీ రాయవు. ఉన్న పేజీలనే తిప్పుతాయి. 'జన్యువులు మారిపోతాయట' అని ఎవరైనా భయపెడితే భయపడకండి.

ఇక పరిశోధనలో తేలింది వినండి. పేగు కణం ఆ తిత్తిని తనే గుటకలా మింగుతుంది. లోపల నాడ్-1 అనే కాపలాదారు ఉంటాడు. వాడి పనల్లా బాక్టీరియా గోడ ముక్కల్ని గుర్తుపట్టడం. తిత్తిలోని ముక్క చూడగానే కబురందిస్తాడు, రోగనిరోధక జన్యువులు కొన్ని మేలుకుంటాయి. కానీ అది దొంగలు పడ్డారన్న గోల కాదు. రాత్రి రెండింటికి గూర్ఖా వేసే ఈల లాంటిది. ఇంట్లో పడుకున్నవాళ్ళం ఓసారి కదిలి, తలుపు గడియ గుర్తు చేసుకుని మళ్ళీ పడుకుంటామే, అలాగ. నిజంగా దొంగ వచ్చిన రోజున మనం ఆదమరిచి ఉండం.

గడియ మాట ఊరికే అనలేదు. పక్కపక్కనున్న పేగు కణాల్ని కలిపి ఉంచడానికి ఇటుకల మధ్య సిమెంటులాగా కొన్ని ప్రొటీన్లున్నాయి. నిస్ల్ తిత్తులు తగిలాక గోడని గట్టిపరిచే ప్రొటీన్ల జన్యువులు ఎక్కువ పనిచేశాయి, గోడలో సందులు వదిలే క్లాడిన్-2 అనే ప్రొటీను తగ్గింది. అల్సరేటివ్ కొలైటిస్ ఉన్నవాళ్ళ పేగులో జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. వాళ్ళకి క్లాడిన్-2 పెరిగి గోడ కారుతుంటుంది.

2017లో ఇదే జట్టు ఎలుకల మీద చూసింది. ఒట్టి తిత్తుల్ని ముందుగా నోటిద్వారా ఇచ్చి, ఆ తర్వాత పేగుకి పూత తెప్పించే మందు పెట్టారు. తిత్తులు తాగిన ఎలుకలు అంతగా చిక్కిపోలేదు, వాటి పేగు కూడా అంతగా పాడవలేదు. మంట రేపే టీఎన్ఎఫ్ అనే పదార్థం తాలూకు జన్యువు నెమ్మదించింది. గొడవపడేవాళ్ళ మధ్య పెద్దమనిషిలా సర్దిచెప్పే ఇంటర్‌ల్యూకిన్-10 జన్యువు పుంజుకుంది. ఈ టీఎన్ఎఫ్ పేరు ఆసుపత్రిలో నా చెవిన పడిందే. మాత్రలకి లొంగకపోతే టీఎన్ఎఫ్‌ని ఆపే ఇంజక్షన్లు చేయాల్సి వస్తుంది, ఒక్కోటి వేలల్లో ఉంటుంది అని మా అక్కకి చెబుతుంటే విన్నాను. ఆ మాటకే అక్క మొహం పాలిపోయింది.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటుంది. పోల్చి చూడటానికని బార్సిలోనావాళ్ళు ఏ పేరూ ప్రతిష్ఠా లేని, ఆరోగ్యంగా ఉన్న మనుషుల పేగులో ఉండే సాధారణ ఇ.కొలై తిత్తుల్ని కూడా తీసుకున్నారు. అవి కూడా కణాలతో చాలావరకు ఇలాగే ప్రవర్తించాయి. అంటే డబ్బు పోసి కొన్నవే కాదు, మన కడుపులో ఊరికే అద్దెకుంటున్నవి కూడా ఈ ఈల వేస్తూనే ఉన్నాయన్నమాట. వాటికి మనం పెట్టే తిండి ఆకుకూరలు, పప్పులు, పొట్టు తియ్యని ధాన్యాలు. పీచు లేని తిండి తింటే పాపం అవి పస్తులే.

మరి పాల సంగతి?

మన పెరుగుకి దూరపు చుట్టం కెఫిర్. రష్యా దక్షిణాన కాకసస్ కొండల్లో పుట్టిన పులిసిన పాలు. 2018లో కొరియావాళ్ళు కెఫిర్‌లోని లాక్టోబాసిల్లస్ తిత్తుల్ని తీసి, టీఎన్ఎఫ్‌తో మంట పుట్టించిన కాకో-టూ కణాల మీద వేశారు. మంట పెంచే ఇంటర్‌ల్యూకిన్-8 తగ్గింది. పేగుపూత తెప్పించిన ఎలుకలకి ఇస్తే మలంలో రక్తం పడటం తగ్గింది. దానికి ముందు 2017లో లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే ఇంకో రకం తిత్తుల్ని, మొండి క్రిమి సోకిన బుల్లి పురుగులకి పెడితే ఆ పురుగులు ఎక్కువ రోజులు బతికాయి. కాకో-టూ కణాల్లో క్రిముల్ని చంపే ప్రొటీను తాలూకు జన్యువు ఎక్కువ పనిచేసింది.

పురుగులు, ఎలుకలు, గాజు పాత్రలూ. చూశారుగా, ఇంకా మనుషుల దాకా రాలేదు. ఉట్టి తిత్తుల్నే మందుగా చేయాలని ప్రయత్నాలు జరుగుతున్నాయి. తిత్తులు బతికున్నవి కావు, కడుపులో పెరిగిపోయే భయం లేదు. నిస్ల్ బాక్టీరియాకే ఒక మచ్చ ఉంది మరి. మన జన్యు పదార్థాన్ని గాయపరచగల కొలిబాక్టిన్ అనే పదార్థాన్ని తయారుచేసే జన్యువులు అందులో ఉన్నాయి. ఎంత సాధువైనా పుట్టింటి బుద్ధి కాస్తయినా మిగులుతుంది కాబోలు.

ఈ ప్లాంటారమ్ పేరు మన దేశంలో పసిబిడ్డల విషయంలో మోగిపోయింది. పినాకి పాణిగ్రాహి అనే డాక్టరు గారి బృందం ఒడిశా పల్లెల్లో 4,556 మంది నవజాత శిశువుల మీద చేసిన పరిశోధన 2017లో వెలువడింది. తల్లిపాలు తాగుతున్న, తగిన బరువుతో పుట్టిన బిడ్డలకి ప్లాంటారమ్‌లో ఎంచి తీసిన ఒక రకాన్ని, దానికి తిండిగా ఒకరకం చక్కెరని కలిపి ఏడు రోజులు ఇచ్చారు. అలా ఇవ్వని బిడ్డల్లో నూటికి తొమ్మిది మందికి రక్తంలో విషం చేరడమో, ప్రాణం పోవడమో జరిగితే, ఇచ్చినవాళ్ళలో అది 5.4కి తగ్గింది. ఎందరు తల్లుల కడుపుకోత తప్పిందో చూడండి. అందులో తిత్తుల పాత్ర ఎంత అన్నది ఆ పరిశోధనలో చూసిన విషయం కాదు. కానీ ఎంచి తీసిన రకం, లెక్క ప్రకారం, తగిన బిడ్డకి ఇస్తే ఎంత మేలో అది చెబుతుంది.

'అయితే మన బుజ్జిగాడికీ నాలుగు చుక్కలు మజ్జిగ నాకిద్దాం' అనుకునేరు! ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప ఏదీ వద్దు. నెల తక్కువ పిల్లల విషయంలో మరీ జాగ్రత్త. అలాంటి బిడ్డకి ఇచ్చిన మంచి బాక్టీరియాయే రక్తంలోకి చేరి ప్రాణం తీసిన సంఘటన జరిగాక, 2023లో అమెరికా ఆహార, ఔషధ శాఖ ఆసుపత్రులని హెచ్చరించింది. ఆ పసిగుడ్ల పేగు గోడ ఇంకా పూర్తిగా కట్టి ఉండదు. అందుకే ఒకరికి అమృతమైంది ఇంకొకరికి విషమవుతుంది. స్టిరాయిడ్లు ఎక్కువగా వాడుతున్నవాళ్ళు, క్యాన్సర్ మందులు ఎక్కించుకుంటున్నవాళ్ళు కూడా డాక్టరుని అడగకుండా ఆ పొట్లాలు వేసుకోకూడదు.

వంటింట్లో మనం చూసుకోవాల్సింది

ఇంట్లో తోడుపెట్టిన పెరుగు మంచి తిండి. ప్రొటీన్లు, కాల్షియం ఉంటాయి, పాలు పడనివాళ్ళకి కూడా చాలామందికి పెరుగు పడుతుంది. కాకపోతే ఎవరింటి తోడు వాళ్ళది. మీ గిన్నెలోని బాక్టీరియా, పక్కింటావిడ గిన్నెలోవి ఒకటే అయి ఉండాలని లేదు. అందుకే దాన్ని మందులా లెక్కగట్టలేం. మజ్జిగ పులుసు, మజ్జిగ చారు మరిగిస్తే అందులో బతికున్న బాక్టీరియా పోతాయి. రుచీ, బలమూ ఉంటాయి, అది వేరు. అలాగే మందుల దుకాణంలో కొన్న పొట్లం వేడివేడి పాలలో కలిపితే డబ్బు దండగ. చల్లారిన నీళ్ళలోనో, గోరువెచ్చటి పాలలోనో కలపాలి. ఇంకో ముఖ్యమైన సంగతి. సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్ మాత్రలు పెరుగన్నంతో కలిపి మింగకండి. పెరుగులోని కాల్షియం వాటిని పట్టేసి ఒంటికి అందనివ్వదు. మాత్రకీ పెరుగుకీ మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఇవ్వండి.

పొట్లం కొనేముందు అట్ట చూడండి. లాక్టోబాసిల్లస్ అని ఇంటిపేరు ఒక్కటే రాసి ఊరుకుంటే చాలదు. దాని తర్వాత జాతి పేరు, ఆ తర్వాత అక్షరాలో అంకెలో వేసి ఏ రకమో చెప్పాలి. గడువు తేదీ నాటికి ఎన్ని బతికి ఉంటాయో కూడా ఉండాలి. మన దేశంలో వైద్య పరిశోధన మండలి 2011లో ఇచ్చిన నియమాల్లో కూడా ఈ రకం పేరు గురించి గట్టిగా చెప్పారు. ఏ రకం ఏ జబ్బుకి పరీక్షించారో ఆ జబ్బుకే అది. అమెరికా పేగు వ్యాధుల నిపుణుల సంఘం 2020లో అల్సరేటివ్ కొలైటిస్‌కి ఇలాంటివి పరిశోధనల్లో భాగంగా తప్ప వాడవద్దని సలహా ఇచ్చింది. 2004 నాటి నిస్ల్ ఫలితం ఒక పక్క, ఇది ఒక పక్క. పెద్ద డాక్టర్ల మధ్యే ఇంకా ఒక మాట కుదరలేదంటే పెళ్ళి పందిట్లో కూర్చుని మనం తేల్చగలమా?

మా పిల్ల ఆసుపత్రి నుంచి వచ్చాక నెలరోజులు మా ఇంట్లోనే ఉంది. మొదటి రోజే, "పిన్నీ, అయితే ఇక పెరుగు మానేయాలా?" అని బెంగగా అడిగింది. డాక్టరు గారినే అడిగాం. "పడుతున్నంతకాలం హాయిగా తిను. మాత్రలు మాత్రం నేను చెప్పేదాకా మానకు" అన్నారు. ఇప్పుడు పొద్దున్నే మాత్రలు, మధ్యాహ్నం పెరుగన్నం. మొన్న కెమెరా గొట్టం వేసి చూసి పూత చాలావరకు మానిందన్నారు. వెళ్ళేటప్పుడు మా ఇంటి తోడు చిన్న డబ్బాలో పోసుకుని తీసుకెళ్ళింది. వాళ్ళమ్మ తోడుపెడితే పుల్లగా వస్తుందట.